చిక్కుడు నమూనాకు రెండు నివేదికలు, చేతిలో 30 పరీక్షలు: కూరగాయల్లో అవశేషాల పర్యవేక్షణ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: రైతు బృందం సమన్వయకర్త

నమస్కారం. కూరగాయలు పండించే రైతుల బృందం ఒకదానికి నేను సమన్వయకర్తగా ఉన్నాను. టమాటా, చిక్కుడు, కీర దోస, క్యాబేజీ, ఆకుకూరలు మా సభ్యుల ప్రధాన పంటలు. పురుగుమందుల అవశేషాల పరీక్షలు మేమే చేయించి నివేదికలు చూపాలని కొనుగోలుదారు షరతు పెట్టారు. మా నిధులతో పంటకాలానికి 30 నమూనాలకు మించి పూర్తి పరీక్ష చేయించలేము. సభ్యుల మడులు మాత్రం వందకు పైగా ఉన్నాయి.

మొదటి నివేదికలతోనే చిక్కు వచ్చింది. ఒకే మడిలోని చిక్కుడు కాయలను రెండు ప్రయోగశాలలకు పంపితే ఒకరు ఒమిథోయేట్ అనే పురుగుమందు కిలోకు 0.018 మిల్లీగ్రాములు ఉన్నదని, మరొకరు 0.011 ఉన్నదని తేల్చారు. కొనుగోలుదారు విధించిన పరిమితి 0.01. ఆ రైతు తాను ఒమిథోయేట్ ఎన్నడూ కొనలేదని అంటున్నారు. మరో సభ్యుడి క్యాబేజీలో డైథయోకార్బమేట్లు, కార్బన్ డైసల్ఫైడ్ రూపంలో, 0.3 మిల్లీగ్రాములు ఉన్నట్టు వచ్చింది. ఆయన ఈ పంటకు మాంకోజెబ్ గానీ ఆ కోవకు చెందిన వేరే తెగులు మందు గానీ వేయలేదని గట్టిగా చెబుతున్నారు.

ఈ రెండు నివేదికల్లో దేనిని నమ్మాలి? రైతులు అబద్ధం చెబుతున్నారని అనుకోవాలా? మిగిలిన పరీక్షలను ఏ పంటలపై, ఏ సమయంలో ఖర్చు పెడితే ప్రయోజనం ఉంటుంది?

సమాధానం: అవశేషాల విశ్లేషకురాలు

రైతులను అనుమానించే ముందు నివేదికలను ఒకసారి జాగ్రత్తగా చదవండి. మీరు చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ రైతు మాట నిజమయ్యే అవకాశం ఉన్నది.

ఒమిథోయేట్ సంగతి చూద్దాం. డైమిథోయేట్ పిచికారీ చేసిన మొక్కలో ఆ మందులో కొంత ఆక్సీకరణం చెంది ఒమిథోయేట్‌గా మారుతుంది. కోత నాటికి అసలు మందు దాదాపు కరిగిపోయి, దాని నుంచి పుట్టిన పదార్థమే మిగిలి ఉండవచ్చు. అందువల్ల మీ రైతు ఒమిథోయేట్ కొనలేదన్న మాట నిజమే కావచ్చు. డైమిథోయేట్ వాడారా అని అడగండి. అసిఫేట్ నుంచి మెథామిడోఫాస్, కార్బోసల్ఫాన్ నుంచి కార్బోఫ్యూరాన్ రావడం కూడా ఇలాంటివే. డబ్బా మీద ఉన్న పేరు నివేదికలో కనబడాలని లేదు.

ఇక 0.018, 0.011 అనే రెండు అంకెలు. వీటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని నేను అనుకోవడం లేదు. కిలోకు మిల్లీగ్రాములో వందో వంతు స్థాయిలో కొలిచే ఏ ఫలితానికైనా అటూ ఇటూ కొంత అనిశ్చితి ఉంటుంది. ఐరోపా సమాఖ్య ప్రయోగశాలలు పాటించే మార్గదర్శకాలు దానిని సాధారణంగా ఫలితంలో 50 శాతంగా తీసుకుంటాయి. ఆ లెక్కన మొదటి ఫలితం 0.009 నుంచి 0.027 వరకు, రెండవది సుమారు 0.0055 నుంచి 0.0165 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఈ రెండు నివేదికలు చాలా మేరకు ఒకే మాట చెబుతున్నాయి. అక్కడి అధికారులు ఉల్లంఘన జరిగిందని ప్రకటించే ముందు ఈ 50 శాతాన్ని తీసివేసి, మిగిలినది పరిమితిని దాటిందో లేదో చూస్తారు. అయితే అది చర్య తీసుకునే అధికారి తన మీద తాను పెట్టుకున్న కట్టుబాటే తప్ప పండించేవారికి ఇచ్చిన వెసులుబాటు కాదు. మీ కొనుగోలుదారు 0.011ని కూడా పరిమితి దాటినట్టే లెక్కించవచ్చు. ఒప్పందంలో ఈ విషయం ముందే రాయించుకోవడం మంచిది.

అంకెలలో తేడాకు ప్రయోగశాల కన్నా ముందు మడిలోనే కారణం ఉండవచ్చు. రెండు సంచులలోని కాయలు ఒకే కుప్పను బాగా కలిపి పంచినవా, లేక విడివిడిగా కోసినవా? పిచికారీ మందు మొక్కలన్నిటి మీదా సమానంగా పడదు. పైన ఎండలో ఉన్న కాయకూ ఆకుల మరుగున ఉన్న కాయకూ మధ్య అవశేషంలో కొన్ని రెట్ల తేడా ఉండవచ్చు. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1999లో తెచ్చిన నమూనా సేకరణ మార్గదర్శకం ప్రకారం 25 గ్రాముల లోపు బరువుండే తాజా కూరగాయలను కనీసం 1 కిలో, 25 నుంచి 250 గ్రాముల మధ్యవాటిని 10 కాయలకు తగ్గకుండా కనీసం 1 కిలో, 250 గ్రాములు దాటినవాటిని 5కు తగ్గకుండా కనీసం 2 కిలోలు తీయాలి. అవి కూడా ఒకే మూల నుంచి కాక, సరుకు అంతటా పలుచోట్ల నుంచి తీసి కలపాలి. చాలామంది కాయలను శుభ్రంగా కడిగి పంపుతారు, అలా చేయవద్దు. దుంపలకు అంటిన మట్టిని చన్నీళ్లతో పోగొట్టడం, క్యాబేజీకి వాడిన, కుళ్లిన ఆకులు తీయడం వంటివి తప్ప, సరుకు ఏ రూపంలో చేతులు మారుతుందో ఆ రూపంలోనే పరీక్షకు వెళ్లాలి.

ప్రయోగశాలలో ఏం జరుగుతుందో కొంత తెలిస్తే ఈ జాగ్రత్తల అవసరం అర్థమవుతుంది. ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడుతున్న క్వెచర్స్ పద్ధతి 2003లో వెలువడింది. నమూనా మొత్తాన్ని ముద్దగా రుబ్బి, అందులో 10 గ్రాములు తూచి, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్ ద్రావకంతో కలిపి, మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు వేసి కుదిపితే మందుల అవశేషాలు ద్రావకంలోకి చేరతాయి. దానిని శుద్ధి చేసి, అందులో కొన్ని మైక్రోలీటర్లను ద్రవ లేదా వాయు క్రోమటోగ్రఫీతో జోడించిన మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. మీ మడి గురించి తీర్పు చెప్పేది ఆ చుక్క మాత్రమే. రుబ్బడంలో కూడా ఒక మెలిక ఉన్నది: కాప్టాన్, ఫోల్పెట్, క్లోరోథలోనిల్ వంటివి సాధారణ ఉష్ణోగ్రత వద్ద కాయ రసంతో కలవగానే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. నమూనాను గడ్డకట్టించి పొడి మంచుతో రుబ్బే ప్రయోగశాలకు అవి దొరుకుతాయి; అలా చేయని చోట అవి తక్కువగా కనబడవచ్చు, అసలు కనబడకనూ పోవచ్చు.

నివేదికలో "కనబడలేదు" అనే మాటను కూడా దానితో పాటు ఇచ్చే జాబితాతో కలిపి చదవాలి. ఆ జాబితాలో ఉన్న మందులు, పరిమాణాన్ని నమ్మకంగా చెప్పగల కనిష్ఠ స్థాయికి తక్కువగా ఉన్నాయని మాత్రమే దాని అర్థం. గ్లైఫోసేట్, పారాక్వాట్, ఎథెఫాన్ నీటిలో బాగా కరిగే స్వభావం గలవి కావడం వల్ల క్వెచర్స్‌కు చిక్కవు. వాటికి వేరే పద్ధతులు కావాలి. మీ సభ్యులు టమాటాకు రంగు రావడానికి ఎథెఫాన్ వాడుతూ ఉంటే, వందలాది మందుల జాబితా ఉన్న ఖరీదైన నివేదిక కూడా ఆ సంగతి చెప్పకపోవచ్చు.

చివరగా క్యాబేజీ. డైథయోకార్బమేట్ల పరీక్షలో సాధారణంగా మందును నేరుగా కొలవరు. నమూనాను ఆమ్లంతో, స్టానస్ క్లోరైడ్‌తో వేడిచేసి, వెలువడిన కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలుస్తారు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి కుటుంబంలోనూ, ఉల్లి, వెల్లుల్లి కుటుంబంలోనూ సహజంగా ఉండే గంధక సమ్మేళనాలు కూడా ఆ పరిస్థితుల్లో అదే వాయువును ఇస్తాయి. కాబట్టి ఈ ఒక్క ఫలితంతో మీ సభ్యుడు మాంకోజెబ్ వేశారని చెప్పడం అన్యాయం. మందు పడలేదని నిశ్చయంగా తెలిసిన అదే రకం క్యాబేజీని పోలిక కోసం పరీక్షించమని అడగండి. లేదా ఆ మందుల జాతిని విడిగా గుర్తించే పద్ధతి ఉన్న ప్రయోగశాలను చూడండి.

సమాధానం: క్షేత్ర సలహాదారు

పై సమాధానంలో ప్రయోగశాల విషయాలు వివరంగా వచ్చాయి కనుక నేను మడి వైపు నుంచి రాస్తాను. మీ 30 పరీక్షలను పంటలకు సమానంగా పంచవద్దు. మందు వేసిన రోజుకూ కోత రోజుకూ మధ్య ఎడం ఏ పంటలో తక్కువగా ఉంటుందో అక్కడ పెట్టండి.

కీర దోస, చిక్కుడు వంటి పంటల్లో ఒక కోత తర్వాత ఒక కోత వస్తూనే ఉంటుంది. మందు డబ్బా మీద కోతకు ముందు 7 రోజులు ఆగాలని ఉన్నదనుకోండి. కీర దోస రెండు రోజులకు ఒకసారి కోతకు వస్తే, ఆ 7 రోజుల్లో మూడు కోతలు పడతాయి. ఆ కాయలు కోయకపోతే ముదిరిపోతాయి, కోస్తే నిబంధన తప్పుతుంది. ఈ ఇరకాటం తెలియకుండా రైతుకు ఎన్ని హితవులు చెప్పినా ఉపయోగం ఉండదు. కాపు మొదలైన తర్వాత వాడే మందులను నిరీక్షణ కాలం తక్కువ ఉన్నవాటికి పరిమితం చేయడం, వీలైతే కోత ముగిసిన సాయంత్రమే పిచికారీ చేయడం, అప్పటికీ ఎడం చాలకపోతే ఆ ఒక్క కోతను అమ్మకానికి పంపకుండా వదులుకోవడం తప్ప వేరే దారి నాకు కనబడలేదు. అదే మొత్తం పంట ఒక్కసారే కోసే క్యాబేజీలో ఈ సమస్య చాలా తక్కువ.

ఆకుకూరలను రెండవ స్థానంలో పెడతాను. బరువుతో పోలిస్తే వాటి ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి అదే మోతాదు మందుకు కిలోకు నిలిచే అవశేషం కాయగూరల కన్నా హెచ్చు. కాయ పెరుగుతూ ఉంటే బరువు పెరిగి అవశేషం పలుచబడుతుంది. కోతకు సిద్ధమైన ఆకుకు ఆ అవకాశం పెద్దగా లేదు. తరుగుదల వేగం మందును బట్టి, ఎండను బట్టి, వానను బట్టి మారుతుంది. ఒక మందు మూడు రోజులకు సగం అవుతుందనుకుంటే, 0.8 మిల్లీగ్రాములు 0.05కి దిగడానికి 12 రోజులు పడుతుంది. 6వ రోజున కోస్తే అందులో 0.2 ఉంటుంది.

మందు ఆ రైతు చేతి నుంచే రావాలని కూడా లేదు. పక్క మడి పిచికారీ గాలికి కొట్టుకు రావచ్చు, సరిగా కడగని పంపులో నిన్నటి మందు మిగిలి ఉండవచ్చు. కీర దోస, గుమ్మడి కుటుంబపు మొక్కలకు మరో ప్రత్యేకత ఉన్నది: డీల్డ్రిన్ వంటి, ఏనాడో వాడకం ఆగిపోయిన ఆర్గానోక్లోరిన్ మందులు నేలలో మిగిలి ఉంటే ఇవి వేళ్ల ద్వారా పైకి లాగగలవు. అటువంటి ఫలితం వచ్చినప్పుడు రైతును నిలదీసి లాభం లేదు. మట్టిని పరీక్షించి, ఆ మడిలో వేరే కుటుంబపు పంట వేయించాలి. క్లోరేట్ కనబడితే మడిలో వెతకకండి. కాయలు కడగడానికి వాడిన క్లోరిన్ నీళ్లే కారణం కావడం ఎక్కువ.

పరీక్షల కన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. ప్రతి సభ్యుడి దగ్గరా మందుల డైరీ ఉండాలి: మందు పేరు, అందులోని క్రియాశీల పదార్థం, మోతాదు, వేసిన తేదీ, కోత తేదీ. అది చూసిన తర్వాతే ఏ మడి నుంచి నమూనా తీయాలో, ప్రయోగశాలను ఏ మందుల కోసం వెతకమనాలో నిర్ణయించండి. డైరీ లేని చోట 30 పరీక్షలు చేయించడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

సమాధానం: గణాంకాలు చూసేవారు

క్షేత్ర సలహాదారు గారి సూచన తప్పులను పట్టుకోవడానికి సరైనదే, కానీ అందులో ఒక ప్రమాదం ఉన్నది. అనుమానం ఉన్న మడులనే ఎంచుకుంటే వచ్చే ఉల్లంఘన శాతం మీ బృందం మొత్తానికి వర్తించదు. కొనుగోలుదారు "మీ సరుకులో ఎంత శాతం పరిమితి దాటుతున్నది?" అని అడిగితే ఆ ఫలితాలతో జవాబు చెప్పలేరు. ఆ ప్రశ్నకు చీటీలు తీసి ఎంచిన మడుల నమూనాలే కావాలి. రెండు రకాల నమూనాలకూ రెండు పట్టికలు పెట్టండి, వాటిని ఎప్పుడూ కలపకండి.

చీటీలు తీసినా 30 నమూనాలు ఎంత చెప్పగలవో ముందే తెలుసుకోవాలి. సరుకులో 5 శాతం పరిమితి దాటినది ఉన్నదనుకుంటే, అందులో కనీసం ఒక్కటైనా చేతికి చిక్కే అవకాశం 95 శాతం ఉండాలంటే 59 నమూనాలు కావాలి. 10 శాతం ఉంటే 29 చాలు, 1 శాతమే ఉంటే 299 కావాలి. మీరు 30 పరీక్షించి అన్నీ బాగున్నాయని తేలినా, ఉల్లంఘన దాదాపు 10 శాతం లోపు ఉన్నదని మాత్రమే ధీమాగా అనగలరు. "మా కూరగాయల్లో అవశేషాలు లేవు" అని ఆ ఆధారంతో ప్రకటించడం తొందరపాటు.

ఖర్చు తగ్గించడానికి కొందరు అయిదుగురి సరుకును కలిపి ఒకే నమూనాగా పంపుతారు. ఒకరిదాంట్లో 0.04 ఉండి మిగతా నలుగురిదీ శుభ్రంగా ఉంటే కలిపిన నమూనాలో 0.008 వస్తుంది, పరిమితి లోపే. ఆ ఒక్కరూ అలాగే తప్పించుకుంటారు. కలపక తప్పదంటే పరిమితిని అయిదుతో భాగించి, కలిపిన నమూనా 0.002 దాటిన ప్రతిసారీ ఆ అయిదుగురి సరుకునూ విడివిడిగా మళ్లీ పరీక్షించాలి. అంత తక్కువ స్థాయిని ప్రయోగశాల నమ్మకంగా కొలవగలదా అనేది మరో ప్రశ్న.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. చిక్కుడు రైతును మళ్లీ అడిగాము. పూత దశలో డైమిథోయేట్ వేసినట్టు ఆయనే చెప్పారు. ఇక రెండు సందేహాలు మిగిలాయి. పరిమితి దాటితే ఆ కాయలు తిన్నవారికి హాని జరిగినట్టేనా? సభ్యులు ఇదే అడుగుతున్నారు. రెండవది, కొన్ని నిమిషాల్లో రంగు మార్పుతో ఫలితం చెప్పే కార్డులు కొంటే ప్రయోగశాల ఖర్చు తప్పుతుందా?

సమాధానం: ఆహార భద్రత నిపుణుడు

గరిష్ఠ అవశేష పరిమితి అనేది హాని మొదలయ్యే గీత కాదు. లేబుల్ ప్రకారం మందు వాడి, చెప్పినన్ని రోజులు ఆగి కోసిన ప్రయోగ క్షేత్రాల్లో ఎంత అవశేషం మిగులుతుందో కొలిచి, ఆ అంకెల ఆధారంగా దానిని నిర్ణయిస్తారు. అంతర్జాతీయంగా ఈ పనిని ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 1963 నుంచి ఉమ్మడిగా చేస్తున్నారు. ఆ పరిమితి దాటడం మందు వాడకంలో తేడా జరిగిందనడానికి సూచన. హాని ప్రశ్నకు వేరే కొలబద్ద ఉన్నది: జంతువులపై పరీక్షల్లో ఏ ప్రభావమూ కనబడని మోతాదును సాధారణంగా 100తో భాగించి, జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదనే మోతాదునూ, ఒక్క రోజులో తినగల మోతాదునూ విడివిడిగా నిర్ణయిస్తారు.

లెక్క ఎలా వేస్తారో ఊహాజనిత అంకెలతో చూపుతాను. కాయలో సగటున కిలోకు 0.5 మిల్లీగ్రాములు ఉన్నాయి, ఒక కాయ 100 గ్రాములు, 15 కిలోల బిడ్డ ఒక రోజులో 300 గ్రాములు తిన్నదనుకుందాం. కాయకూ కాయకూ తేడా ఉంటుంది కనుక మొదటి కాయలో మూడు రెట్లు ఉన్నదని భావిస్తారు. అప్పుడు మొదటి కాయ నుంచి 0.15, మిగతా 200 గ్రాముల నుంచి 0.1, మొత్తం 0.25 మిల్లీగ్రాములు. బరువుతో భాగిస్తే కిలో శరీర బరువుకు సుమారు 0.017. ఆ మందుకు ఒక్కరోజు మోతాదు 0.1 అయితే ఇది దానిలో ఆరో వంతు; అదే 0.01 అయితే మోతాదు దాటింది. అవశేషం ఒకటే అయినా మందును బట్టి జవాబు మారుతుంది.

అయితే మీ ఒమిథోయేట్ విషయంలో నేను ఈ లెక్కతో ధైర్యం చెప్పను. ఐరోపా సమాఖ్య 2019లో డైమిథోయేట్ అనుమతిని పునరుద్ధరించలేదు. ఒమిథోయేట్‌కు జన్యు పదార్థాన్ని దెబ్బతీసే గుణం ఉన్నదని అక్కడి ఆహార భద్రతా సంస్థ తేల్చడం అందుకు ముఖ్య కారణం. అటువంటి పదార్థానికి సురక్షితమైన మోతాదు ఇదీ అని గీత గీయడం కష్టం. 0.018 తిన్నవారు జబ్బు పడతారని దీని అర్థం కాదు. "పరిమితి కొద్దిగానే దాటింది కదా" అనే సర్దుబాటు ఈ మందుకు పనికిరాదని మాత్రం అర్థం. మీ సభ్యుల మందుల జాబితా నుంచి డైమిథోయేట్‌ను తీసివేయించండి.

సమాధానం: అవశేషాల విశ్లేషకురాలు

కార్డుల గురించి. వాటిలో ఎక్కువ భాగం కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మందగించిందా అనేదానిపై ఆధారపడతాయి. ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు అనే పురుగుమందుల జాతులు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి కనుక తగినంత ఉంటే పట్టుబడతాయి. సింథటిక్ పైరెథ్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్లు, తెగులు మందులు, కలుపు మందులు ఎంత ఉన్నా కార్డుకు తెలియదు. ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ రసాలు కార్డును తప్పుదారి పట్టించవచ్చు. పైగా 0.01 స్థాయిని పట్టే సున్నితత్వం చాలా కార్డులకు లేదు. మందు కొట్టిన మర్నాడే కోసిన సరుకును బండి ఎక్కించకుండా ఆపడానికి అవి పనికిరావచ్చు గానీ, కొనుగోలుదారుకు చూపే నివేదికకు ప్రత్యామ్నాయం కావు.

నమూనా పంపేటప్పుడు మరో పని చేయండి. కుప్పను బాగా కలిపి మూడు భాగాలు చేసి, ఒకటి ప్రయోగశాలకు పంపి, మిగతా రెండింటికి ముద్ర వేసి, తేదీ, మడి సంఖ్య, కోసినవారి సంతకంతో గడ్డకట్టించి దాచండి. ఫలితంపై వివాదం వస్తే మళ్లీ మడికి వెళ్లి తెచ్చిన కాయలు జవాబు చెప్పలేవు, అప్పటికి అవశేషం తరిగిపోయి ఉంటుంది. దాచిన భాగాన్నే రెండవ ప్రయోగశాలకు పంపాలి. ఆ ప్రయోగశాలకు ఐఎస్ఓ 17025 గుర్తింపు, అంటే పరీక్షల సామర్థ్యానికి ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణపు గుర్తింపు, ఉంటే సరిపోదు. ఆ గుర్తింపు మీ పంటకూ, మీరు వెతుకుతున్న మందుకూ వర్తిస్తుందో లేదో అనుబంధ పట్టికలో చూసి, డైమిథోయేట్‌తో పాటు ఒమిథోయేట్‌ను కూడా విడిగా నివేదించమని అభ్యర్థన పత్రంలోనే రాయండి.